మార్కుల పట్టీ చెప్పని సంగతి

గత వేసవిలో మా పెద్దమ్మాయి పట్టణంలోని ఒక ఆడిటరు గారి కార్యాలయంలో పని నేర్చుకోవటానికి వెళ్ళింది. బి.కాం. రెండవ సంవత్సరం ముగించిన విద్యార్థులు సెలవుల్లో రెండు నెలల పాటు ఏదైనా సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలన్నది ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో ఇప్పుడున్న నియమం. ఆడిటరు గారు మాకు పాత పరిచయస్తులు. మా కిరాణా కొట్టు లెక్కలు ఇరవై ఏళ్ళుగా ఆయనే చూస్తున్నారు. తెలిసినచోట, నలుగురు ఆడపిల్లలు పనిచేసే చోట అమ్మాయిని కూర్చోబెట్టామని మేమిద్దరం నిశ్చింతగా ఉన్నాము.

నాలుగవ రోజు సాయంత్రం ఆయన నుంచి ఫోను వచ్చింది. “భాయ్, అమ్మాయి వినయం గలది, వేళకు వస్తుంది. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను, మరోలా అనుకోకండి. ఒక వ్యాపారి నగదు పుస్తకం, బ్యాంకు పాస్ బుక్కు చేతికిచ్చి రెండూ సరిచూడమన్నాను. ఒక పూటంతా గడిచిపోయింది. రెండూ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఏమ్మా అని అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.”

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమె మొదటి సెమిస్టరు మార్కుల పట్టీ తీసి చూశాము. ఏ పాఠంలో ఈ విద్య నేర్పుతారో ఆ పాఠంలోనే, అంటే అకౌంటింగ్ మూలసూత్రాల్లో, ఆమెకు 100కు 83 మార్కులు ఉన్నాయి. అంతర్గత పరీక్షల్లో 25కు 24. విశ్వవిద్యాలయం జరిపిన పరీక్షలో 75కు 59. ఆ పట్టీని మేము బంధువులందరికీ చూపించినవాళ్ళమే. “ఇంటరు చదివింది చాలదా, మంచి సంబంధం వచ్చినప్పుడు ఎందుకు కాదంటారు?” అని ఆమె ఫుప్పీ అడిగిన ప్రతిసారీ మేము ముందుకు తోసింది కూడా ఆ కాగితాన్నే.

“నాకేమీ రాదు అబ్బా, మార్కులు ఊరికే వచ్చాయి” అన్నది అమ్మాయి. ఆ మాటే మమ్మల్ని ఎక్కువ బాధించింది. రెండేళ్ళ చదువు మీద ఆమెకున్న నమ్మకం ఒక్క పూటలో పోయింది. ఎం.కాం. మాట ఆ రోజు నుంచి ఆమె నోట రాలేదు.

మరి మార్కులు ఊరికే వచ్చాయా? ఆమె చదవలేదా? చదివింది, మా కళ్ళెదుటే చదివింది. ఫజ్ర్ తరువాత నిద్రపోకుండా పుస్తకం పట్టుకున్న రోజులు మాకు జ్ఞాపకమే. కళాశాల ఆమెకు పరీక్షలు పెట్టలేదా? ఏడాదిలో రెండు సెమిస్టర్లు. ప్రతి సెమిస్టరులోనూ మధ్యలో పరీక్షలు, అసైన్‌మెంట్లు, సెమినారు, చివర విశ్వవిద్యాలయ పరీక్ష. ఇన్నిసార్లు కొలిచిన తరువాత కూడా ఆమెకు ఏది వచ్చో, ఏది రాదో ఆ కొలతల్లో ఎందుకు పట్టుబడలేదన్నది మాకు అంతుబట్టలేదు.

పాత ప్రశ్నపత్రం ఒకటి తెప్పించి చూసినప్పుడు సగం సంగతి తెలిసింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక’ అని పిలిచే లెక్క అందులో ఉన్నది. వ్యాపారి తన పుస్తకంలో రాసుకున్న బ్యాంకు నిల్వకూ, బ్యాంకు చూపే నిల్వకూ ఒక్కోసారి తేడా వస్తుంది. ఇచ్చిన చెక్కును అవతలివారు ఇంకా బ్యాంకులో వేసి ఉండరు. మనం వేసిన చెక్కు సొమ్ము ఇంకా జమకాకపోయి ఉండవచ్చు. బ్యాంకు తన రుసుము కోసుకుని ఉంటుంది, మనం దాన్ని రాసుకోలేదు. ఇటువంటి కారణాలను పట్టుకుని రెండు నిల్వలనూ ఒకటి చేయటమే ఈ పట్టిక పని. పరీక్షలో మాత్రం కారణాలన్నీ ముందే వరుసగా ఇచ్చేస్తారు. జారీచేసినా చెల్లింపుకు రాని చెక్కులు ఇంత, వసూలుకాని చెక్కులు ఇంత, బ్యాంకు ఖర్చులు ఇంత అని. ఏది కలపాలో, ఏది తీసివేయాలో తెలిస్తే చాలు, పూర్తి మార్కులు. అమ్మాయికి అది తెలుసు, ఇరవై లెక్కలు చేసి ఉన్నది. నిజమైన పనిలో ఆ జాబితాను ఎవరూ ఇవ్వరు. రెండు పుస్తకాల్లోని పద్దులను ఒక్కొక్కటిగా పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. టిక్కు పడకుండా మిగిలినవే కారణాలు. ఆడిటరు గారి దృష్టిలో అసలు విద్య అంతా అక్కడే ఉన్నది. పరీక్ష ఆ భాగాన్ని తానే చేసిపెట్టి, మిగిలిన కూడికను విద్యార్థికి వదిలింది.

కళాశాల తెరిచిన తరువాత తల్లిదండ్రుల సమావేశానికి ఇద్దరమూ వెళ్ళాము. తగవు పెట్టుకోవటానికి కాదు, అడిగి తెలుసుకుందామని. కామర్స్ బోధించే ఒక యువ అధ్యాపకురాలు మా మాట ఓపికగా విన్నారు. ఆమె తీరు చూస్తే ఈ సంగతి ఆమెకు కొత్తది కాదని అర్థమయింది. అలమారాలోంచి ఒక లావుపాటి ఫైలు తీసి మా ముందు పెట్టారు. మా అమ్మాయి తరగతికి సంబంధించిన ‘కోర్సు ఫలితాల సాధన’ లెక్కలు అందులో ఉన్నాయి.

ఈ ‘ఫలితాల’ వ్యవహారం మన ఇళ్ళలో చాలామందికి తెలియదు కనుక కొంత వివరించాలి. కళాశాలలను మదింపు చేసి గ్రేడు ఇచ్చే జాతీయ మండలి ఒకటి ఉన్నది. న్యాక్ అంటారు. 1994లో ఏర్పడింది, కేంద్రం బెంగళూరు. ఏడు అంశాల ప్రకారం అది కళాశాలను పరిశీలిస్తుంది. రెండవ అంశం బోధన, అభ్యసనం, మూల్యాంకనం. ఒక కోర్సు పూర్తిచేసిన విద్యార్థి ఏమి చేయగలగాలో కళాశాల ముందే రాసి ప్రకటించాలి. తరువాత ఎంతవరకు చేయగలిగారో లెక్కగట్టి చూపాలి. ఇంజనీరింగు కళాశాలల్లో ఈ పద్ధతి మరింత గట్టిగా నడుస్తున్నది. 2014లో మన దేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందటంతో, ఏమి బోధించామన్న దానికన్నా విద్యార్థి ఏమి నేర్చుకున్నాడన్న దానికి సాక్ష్యం చూపవలసిన అవసరం ఏర్పడింది. ఆలోచన ఉత్తమమైనదే. వంటమనిషిని ఎన్ని గంటలు వండావని అడగకుండా అన్నం వడ్డించి చూపమనటం వంటిది.

ఫైలులో మా అమ్మాయి కోర్సుకు అయిదు ఫలితాలు రాసి ఉన్నాయి. మూడవది: ‘విద్యార్థి బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికను తయారుచేయగలుగుతాడు.’ దాని ఎదురుగా సాధన స్థాయి 3 అని ఉన్నది. 3 అంటే అన్నిటికన్నా పై స్థాయి.

ఆ 3 ఎలా వచ్చిందో ఆమె చెప్పారు. తరగతిలో 60 మంది. ఆ ప్రశ్నలకు 60 శాతమో ఆపైనో మార్కులు తెచ్చుకున్నవారు తరగతిలో 70 శాతం దాటితే స్థాయి 3, 60 దాటితే 2, 50 దాటితే 1. పరీక్షల మార్కుల నుంచి వచ్చే ఈ లెక్కకు 80 పాళ్ళు, కోర్సు చివర విద్యార్థులు నింపే అభిప్రాయ పత్రానికి 20 పాళ్ళు. ఈ అంకెలు కళాశాలను బట్టి కొంత మారుతుంటాయి గాని పద్ధతి దాదాపు ఇదే. అంతర్గత మార్కుల పట్టిక తిరగేస్తే 60 మందిలో 57 మందికి 20కి పైగా ఉన్నాయి. 24 వచ్చినవారే పదిహేడు మంది. మా అమ్మాయి 24 వెనుక ఆ పదిహేడు మంది వరుసగా నిలబడి ఉన్నారన్నమాట. అప్పటిదాకా మాకు కనిపించింది ఒక్క 24 మాత్రమే.

“ఇంతమందికి ఒకే మార్కా?” అని అడిగాము.

ఆమె కాసేపు ఊరుకుని, “తక్కువ వేస్తే, యూనివర్సిటీ పరీక్షలో కాస్త తగ్గినా ఆ పిల్ల తప్పుతుంది. అప్పుడు ఆ నింద నామీద పడుతుంది. ఎక్కువ వేస్తే ఇప్పటివరకు ఎవరూ వచ్చి ఎందుకు వేశావని అడగలేదు. మీరే మొదటివాళ్ళు” అన్నారు. ఆమె నాలుగు తరగతులకు పాఠం చెబుతున్నారు. పరీక్ష పత్రాలు దిద్దేది, అసైన్‌మెంట్లు చూసేది, న్యాక్ ఫైళ్ళు నింపేది, హాజరు లెక్కలు రాసేది అంతా ఆమే. రెండువందల పైచిలుకు అసైన్‌మెంట్లలో అన్నీ ఒకే గైడు నుంచి ఎత్తిరాసినవని ఆమెకు తెలుసు. ఎత్తిరాసినవాటికి మార్కులు తగ్గించాలంటే అందరికీ తగ్గించాలి. ఆమెను తప్పుపట్టటానికి మాకు నోరు రాలేదు.

బోధించేవారు వేరు, పరీక్షించేవారు వేరు అన్న ఏర్పాటు మన దేశానికి ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పుకోవాలి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మూడు విశ్వవిద్యాలయాలు స్థాపించబడినప్పుడు వాటికి నమూనా లండన్ విశ్వవిద్యాలయం. అప్పట్లో అది పాఠం చెప్పే సంస్థ కాదు, కళాశాలల విద్యార్థులకు పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థ. మన మూడూ అలాగే మొదలయ్యాయి. కళాశాలలో గురువు పాఠం చెప్పటం, ఎక్కడో దూరాన ముఖం తెలియని పరీక్షకుడు పత్రాలు దిద్దటం మనకు అలవాటయిపోయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా ఈ ప్రాంతపు కళాశాలలన్నిటికీ పరీక్షలు మద్రాసువే. నిజాం రాజ్యంలో ఉండి కూడా హైదరాబాదులోని నిజాం కళాశాల 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉండేది. దీనిలో ఒక మేలు లేకపోలేదు. దూరాన ఉన్న పరీక్షకుడికి విద్యార్థి కులమేదో, మతమేదో, ఎవరి బిడ్డో తెలియదు. మనవంటి వారికి ఆ అజ్ఞాతం కొంత రక్ష. అయితే ముఖం చూడని పరీక్షకుడు మూడు గంటల్లో కాగితం మీద పెట్టగలిగిన దాన్నే కొలవగలడు. పద్దులకు టిక్కు పెట్టే చేతిని చూడలేడు.

ఆ లోటు తీర్చటానికే అంతర్గత మూల్యాంకనం వచ్చింది. 1964-66 నాటి కొఠారి కమిషను మంచి కళాశాలలకు స్వయంప్రతిపత్తి ఇవ్వాలని సూచించింది. 1978లో యు.జి.సి. ఆ పథకాన్ని ప్రారంభించింది. స్వయంప్రతిపత్తి గల కళాశాల తన పాఠ్యప్రణాళికను, పరీక్షలను తానే నిర్ణయించుకుంటుంది. 2015-16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, ఆ మరుసటి ఏట నుంచి తెలంగాణలో డిగ్రీ స్థాయిలో సెమిస్టర్లు, క్రెడిట్లు, పదిపాయింట్ల గ్రేడ్లు వచ్చిన తరువాత మిగిలిన కళాశాలల్లోనూ కొంత భాగం మార్కులు అధ్యాపకుల చేతికి వచ్చాయి. విద్యార్థిని ఏడాది పొడుగునా చూసే గురువు, పరీక్ష చూడలేని దాన్ని చూసి లెక్కలోకి తేవాలన్నది దీని ఉద్దేశం. ఆచరణలో చాలాచోట్ల అది పెద్ద పరీక్షకు ముందు పెట్టే చిన్న పరీక్షగా, తప్పబోయేవారిని గట్టెక్కించే తెప్పగా మిగిలిపోయింది.

ప్రశ్నపత్రాల్లో ఇప్పుడు ప్రతి ప్రశ్న పక్కన ఒక చిన్న గుర్తు కనిపిస్తున్నది. అది బ్లూమ్ స్థాయి. 1956లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త తన సహచరులతో కలిసి అభ్యసన లక్ష్యాలను మెట్లుగా విభజించారు. 2001లో దాన్ని సవరించారు. గుర్తుంచుకోవటం, అర్థం చేసుకోవటం, అన్వయించటం, విశ్లేషించటం, విలువ కట్టటం, సృజించటం అన్నవి ఆరు మెట్లు. మేము చూసిన ప్రశ్నపత్రంలో సమన్వయ పట్టిక లెక్క ఎదురుగా ‘అన్వయం’ అని ఉన్నది. మా అభిప్రాయంలో ఆ గుర్తు పొరపాటు. ఒక్కసారీ చూడని లెక్క అయితే అది అన్వయం. ‘ముఖ్యమైన ప్రశ్నలు’ అనే పేరుతో బజారులో దొరికే చిన్న పుస్తకంలో ఉండి, తేదీలు, అంకెలు మాత్రమే మారి వచ్చిన లెక్క అయితే అది జ్ఞాపకం. ప్రశ్న చివర ఏ క్రియాపదం ఉన్నదో చూసి మెట్టు నిర్ణయిస్తే కాగితం మీద అన్నీ పై మెట్లే అవుతాయి.

ఇది మన ఊరి కళాశాలల దౌర్భాగ్యం మాత్రమే అనుకోవటానికి లేదు. అమెరికాలో రిచర్డ్ ఆరమ్, జోసిపా రోక్సా అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధన అక్కడ పెద్ద కలకలం రేపింది. 24 సంస్థల్లోని 2,300 మందికి పైగా విద్యార్థులను చేరినప్పుడు ఒకసారి, రెండేళ్ళ తరువాత మరొకసారి పరీక్షించారు. బట్టీపట్టటానికి వీలులేని పరీక్ష అది. ఒక సమస్యను, దానికి సంబంధించిన నివేదికలు, ఉత్తరాలు, వార్తల వంటి కాగితాలను చేతికిచ్చి, వాటిలో ఏది నమ్మదగినదో తేల్చుకుని ఒక నిర్ణయం రాయమంటారు. ఆడిటరు గారు రెండు పుస్తకాలు చేతికివ్వటం వంటిదే. రెండేళ్ళలో 45 శాతం మందిలో చెప్పుకోదగిన అభివృద్ధి కనిపించలేదని వారు తేల్చారు. లెక్కగట్టిన పద్ధతి మీద తరువాత విమర్శలూ వచ్చాయి. అయినా పట్టా ఇచ్చినంత మాత్రాన విద్య వచ్చినట్టు కాదన్న అనుమానానికి అక్కడ కూడా అంకెలు దొరికాయి.

అదే దేశంలో మిల్వాకీ నగరంలో ఆల్వర్నో అనే చిన్న మహిళా కళాశాల ఉన్నది. క్రైస్తవ సన్యాసినులు స్థాపించినది. మా అమ్మాయి సంగతి తరువాత దాని గురించి చదివినప్పుడు మేము పేజీ దగ్గరే ఆగిపోయాము. 1973 నుంచి ఆ కళాశాల అక్షర గ్రేడ్లను పక్కన పెట్టింది. ఎనిమిది సామర్థ్యాలను నిర్ణయించుకుని, ప్రతిదాన్నీ మెట్లుగా విభజించుకున్నది. భావ వ్యక్తీకరణ, విశ్లేషణ, సమస్యా పరిష్కారం, నలుగురితో కలిసి పనిచేయటం, విలువలతో నిర్ణయం తీసుకోవటం వంటివి వాటిలో ఉన్నాయి. చేరిన కొత్తలోనే విద్యార్థిని చేత మాట్లాడించి వీడియో తీస్తారు. తరువాత తరువాత ఆమె దాన్ని చూసుకుని తన మాటలో ఏ లోపమున్నదో, ఏది మెరుగుపడిందో తానే రాయాలి. ఆపైన అధ్యాపకురాలు రాస్తుంది. ఏ మెట్టుకు ఏమి చేసి చూపాలో ముందే చెబుతారు. కొన్ని పరీక్షలకు పట్టణంలోని ఉద్యోగులు, వృత్తినిపుణులు కూడా పరీక్షకులుగా వస్తారు. మా ఆడిటరు గారి వంటివారే. తనను తాను తూచుకోవటం అక్కడ పాఠంలో భాగం. చిన్న కళాశాల, తక్కువమంది పిల్లలు, తీరిక గల అధ్యాపకులు ఉంటే గాని ఇది సాగదు. 60 మంది తరగతికి దీన్ని ఉన్నదున్నట్టు తేవటం అసాధ్యమే. అయినా మా అమ్మాయిని ఎవరైనా రెండేళ్ళలో ఒక్కసారి, “నీకు ఏది సరిగ్గా రావటం లేదనుకుంటున్నావు?” అని అడిగి ఉంటే బాగుండేదని అనిపించింది. మేము అడిగామా? మేమూ అడగలేదు. ఎన్ని వచ్చాయని మాత్రమే అడిగాము.

అంత దూరం పోనక్కరలేదు. ఇంకొక పరీక్ష రోజూ మా ఇంట్లోనే జరుగుతున్నది. మా చిన్నవాడు మదరసాలో హిఫ్జ్ చేస్తున్నాడు. పొద్దున్నే ఉస్తాద్ ముందు కూర్చుని ఆనాటి సబక్ అప్పజెప్పాలి. ఆ తరువాత కొద్ది రోజులుగా చేసిన సబకీ, ఆపైన ఎప్పుడో ముగించిన పారాల నుంచి మంజిల్. ఒక్క మాట తప్పు పోయినా హాఫిజ్ సాహెబ్ తలెత్తి చూస్తారు. రెండవసారి తడబడితే, “పో బేటా, రేపు ఇదే తీసుకురా.” అంతే. నూటికి 40 వస్తే ఉత్తీర్ణత అన్న మాట అక్కడ లేదు. నలభై శాతం సరిగ్గా వచ్చిన పారాను తరావీహ్‌లో చదవటానికి ఎవరూ నిలబెట్టరు. పరీక్ష పేరుతో ప్రత్యేకంగా ఒక రోజు లేదు, పాఠమే పరీక్ష. ముగించినదాన్ని మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటారు గనుక మొదటి సెమిస్టరుది మూడవ సెమిస్టరులో మరచిపోవటం కుదరదు. పూర్వం ఇస్లామీ విద్యాకేంద్రాల్లో ఇచ్చిన ఇజాజా కూడా ఇటువంటిదే. దాన్ని ఇచ్చేది సంస్థ కాదు, ఆ గ్రంథాన్ని శిష్యుడి చేత చదివించి విన్న గురువు. తన గురువు పేరు, ఆ గురువు గురువు పేరు వరుసగా రాసి, ఇతడు ఇది నా ముందు చదివాడు, ఇతరులకు బోధించవచ్చు అని తన పేరుతో పూచీపడతాడు. మా అమ్మాయి పట్టా మీద సంతకం చేయబోయే పెద్దలు ఆమెను ఏనాడూ చూడబోరు.

ఈ పోలికను మరీ దూరం లాగకూడదని మాకు తెలుసు. హిఫ్జ్ పరీక్ష కంఠస్థం అయిందా లేదా అన్నది నిక్కచ్చిగా కొలుస్తుంది. అర్థం ఎంత తెలిసిందన్నది కొలవదు, కొలుస్తానని చెప్పదు కూడా. దానికి వేరే పాఠాలున్నాయి, వేరే గురువులున్నారు. కళాశాల చిక్కు ఏమిటంటే, ‘తయారుచేయగలుగుతాడు’ అని రాసుకుని ‘జ్ఞాపకం ఉన్నది’ అన్నదాన్ని కొలుస్తున్నది.

తల్లిదండ్రులుగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఈ తిరుగుళ్ళలో తెలిసివచ్చాయి. ప్రతి కోర్సు ఫలితాలను కళాశాల తన వెబ్‌సైట్‌లో ఉంచాలి. న్యాక్‌కు సమర్పించిన స్వీయ అధ్యయన నివేదిక కూడా అక్కడే ఉంటుంది. అందులో రెండవ అంశం తీసి చదవవచ్చు. న్యాక్ విద్యార్థుల సంతృప్తి సర్వే కూడా జరుపుతుంది. ఈమెయిలుకు వచ్చిన ఆ ప్రశ్నలకు మన పిల్లలు అన్నిటికీ ‘చాలా బాగుంది’ అని నొక్కి పంపేస్తారు. మా అమ్మాయి కూడా అలాగే పంపిందట. జవాబుపత్రాల విషయంలో 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చాలా విలువైనది. దిద్దిన తన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉన్నదని అది స్పష్టం చేసింది. మార్కులు పెంచుకోవటానికి కాకపోయినా, ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోవటానికి ఆ హక్కును వాడుకునేవారు మన ఇళ్ళలో ఎంతమంది ఉన్నారు? కళాశాలలో రాసిన అంతర్గత పరీక్షల పత్రాలకు అంత దూరం కూడా పోనక్కరలేదు, అడిగితే చాలు. మేము అడిగినప్పుడు అమ్మాయి పత్రం మీద 24 అన్న అంకె తప్ప ఎర్రసిరాతో ఒక్క గీత కూడా లేదు.

ఆ సమావేశానికి ముందు ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఆడిటరు గారి ఫోను వచ్చిన మరునాడు జుమా. కొట్టు మూసి ఉన్న మధ్యాహ్నం వేళ మా లెక్కల పుస్తకం, పాస్ బుక్కు అమ్మాయి ముందు పెట్టాము. పుస్తకంలో బ్యాంకు నిల్వ 43,200. పాస్ బుక్కులో 41,860. తేడా 1,340. “తొందరేమీ లేదు, ఎన్నాళ్ళయినా చూడు” అన్నాము. మొదటి గంట ఏమీ తేలలేదు. 1,340 అన్న పద్దు కోసం వెతికింది. అటువంటి పద్దు ఎక్కడా లేదు. అస్ర్ తరువాత మళ్ళీ కూర్చున్నది. ఈసారి వాళ్ళమ్మ పక్కన కూర్చుని పాస్ బుక్కులోని అంకెలు ఒక్కొక్కటిగా పైకి చదివింది, అమ్మాయి పుస్తకంలో టిక్కు పెట్టుకుంటూ పోయింది. చివరికి మూడు పద్దులు మిగిలాయి. నూనె వ్యాపారికి ఇచ్చిన 3,778 రూపాయల చెక్కు ఆయన ఇంకా బ్యాంకులో వేయలేదు. హోటలు వారిచ్చిన 5,000 చెక్కు మేము వేశాము గాని జమకాలేదు. బ్యాంకు రుసుము 118 రూపాయలు, అది మాకే తెలియదు. “అబ్బా, 5,000, 118 తీసేసి 3,778 కలిపితే సరిపోయింది!” అని గట్టిగా అన్నది. ఆ మాట వంటింట్లోకి కూడా వినిపించింది.

సోమవారం ఆడిటరు గారి దగ్గరకు తానే వెళ్ళింది. రెండు నెలలూ పూర్తిచేసింది. ఇంటర్న్‌షిప్ దినచర్య పుస్తకంలో చివరి పేజీలో ఆయన మూడు వాక్యాలు రాశారు. అందులో ఒకటి ఆమె ఇంకా జి.ఎస్.టి. రిటర్నులు ఒంటరిగా చేయలేదని. ఆ వాక్యం చూసి మేము సంతోషించామంటే కొందరు నవ్వవచ్చు.

సమావేశంలో ఈ సంగతంతా విన్న అధ్యాపకురాలు, “మీ కొట్టు పుస్తకాలు ఒక నెలవి నాకు ఇవ్వగలరా? పేర్లు కనిపించకుండా జిరాక్సు తీసుకుంటాను” అని అడిగారు. ఇచ్చాము. ఆగస్టులో మొదటి సంవత్సరం పిల్లలకు, అడిగి వచ్చిన మూడవ సంవత్సరం పిల్లలకు ఆ కాగితాలే అసైన్‌మెంటు. నలుగురేసి జట్లు. కారణాల జాబితా లేదు. గైడులో జవాబు లేదు. మొదటి రోజు మూడు జట్లే ముగించగలిగాయట. మార్కులు 9 నుంచి 22 దాకా వచ్చాయి. వేసిన ప్రతి మార్కు ఎదుట ఎందుకో ఒక మాట రాసి ఇచ్చారట. ఇద్దరు తండ్రులు వచ్చి మార్కులు తగ్గాయని గొడవ పెట్టారని కూడా విన్నాము.

మా అమ్మాయి జట్టుకు 17 వచ్చాయి. ఆదివారం ఫుప్పీ వచ్చినప్పుడు ఆ కాగితం బల్ల మీద ఉన్నది. “24 వచ్చేవి కదే, 17కు ఎందుకు పడిపోయావు?” అని అడిగారావిడ. అమ్మాయి ఆమె పక్కన కూర్చుని, ఏ చెక్కును రెండుసార్లు లెక్కలోకి తీసుకున్నారో, ఏ తేదీ చూడకుండా వదిలేశారో కాగితం మీద వేలు పెట్టి చూపటం మొదలుపెట్టింది.